బస్సులో ఆ ఇద్దర్నే ఎందుకు దింపారు?

నాగావళి ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న ఆదివారం రాయగడ వైపు నుంచి విజయనగరం వస్తున్నాను. దారిలో ఒకచోట బస్సు ఆపారు. గంజాయి తనిఖీ. యూనిఫాంలో ఇద్దరు ఎక్కారు. నా కాళ్ల దగ్గర పెద్ద ట్రాలీ బ్యాగు ఉంది, దాని వంక కన్నెత్తి చూడలేదు. పక్కాయన ఒళ్లో రెండు అట్టపెట్టెలు, వాటినీ అడగలేదు. తిన్నగా వెనక సీటుకి వెళ్లారు. అక్కడ ఇద్దరు కుర్రాళ్లు కొండ ఆదివాసీల కువి భాషలో మాట్లాడుకుంటున్నారు. "దిగండ్రా" అన్నారు.

సంచి రోడ్డు పక్కన బోర్లిస్తే ఒక లుంగీ, చెప్పుల జత, చింతపండు మూట, నాలుగు కొండచీపుర్లు పడ్డాయి. చింతపండులోకి చెయ్యి పెట్టి కెలికారు. ఏమీ దొరకలేదు. మళ్లీ ఎక్కాక చిన్నవాడు విడిపోయిన చీపురు కట్ట కట్టుకుంటూ కూర్చున్నాడు. విజయనగరం వచ్చేదాకా తలెత్తలేదు. బస్సులో ఎవరూ నోరు మెదపలేదు. నేనూ అంతే.

మొహం, మాట చూసి అనుమానించడం పోలీసు పనిలో తప్పదా? లేక అది తప్పేనా? నా మటుకు తప్పే. మీరేమంటారు?

గజపతినగరం గణపతి

ఏటి మాస్టారూ! గంజాయి వచ్చేది కొరాపుట్, మల్కాన్‌గిరి, మన అల్లూరి జిల్లా ఏజెన్సీ నుంచి. అటునుంచి వచ్చేవాళ్లని చూడక సింహాచలం పూజారి సంచి వెతుకుతారా? పది నిమిషాలు ఆలస్యమైంది, అంతేగా.

పాత ఖాకీ

నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. బస్సులో యాభై మంది ఉంటారు. వెనక ఇంకో నాలుగు బస్సులు హారన్ కొడుతుంటాయి. అందరి సంచులూ విప్పితే సాయంత్రం దాకా అక్కడే. ఎవరో ఒకర్ని ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక అనుభవం మీద వస్తుంది. చూపు తప్పించేవాడు, టికెట్టు ఎక్కడికి తీశాడో చెప్పలేనివాడు. కులం, తెగ చూసి కాదు.

ఇంకో మాట. మత్తుమందుల చట్టం సెక్షన్ 50 కింద గెజిటెడ్ అధికారి ముందు తనిఖీ కోరే హక్కు ఒంటి మీద వెతికితేనే. సంచికి వర్తించదు. కాబట్టి చట్టం తప్పారని అనకండి.

వంశధార

ఖాకీ గారూ, సెక్షన్ 50 గురించి మీరన్నది నిజమే. కోర్టులో అదే వాదన రోజూ వింటాను. కానీ ఆ కుర్రాళ్లు చూపు తప్పించారనో, టికెట్టు గురించి తడబడ్డారనో పై పోస్టులో లేదు. వాళ్ల భాష వినబడింది, అంతే.

"అనుభవం" అన్నారు కదా, న్యూయార్క్ పోలీసులూ అదే అన్నారు. 2004 నుంచి 2012 మధ్య దాకా రోడ్డు మీద 44 లక్షల సార్లు మనుషుల్ని ఆపారు. నూటికి 83 మంది నల్లవాళ్లు, హిస్పానిక్కులు (లాటిన్ అమెరికా మూలాలవాళ్లు). ఊరి జనాభాలో వాళ్లు సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. కేసు కోర్టుకెక్కితే 2013లో జడ్జి షిరా షైండ్లిన్ తీర్పులో లెక్కలు బయటపడ్డాయి. జేబులు తడిమిన వందమందిలో 98 మందికి పైగా దగ్గర ఆయుధమే లేదు. ఇంకా విడ్డూరం, ఆపిన నల్లవాళ్లలో నూటికి ఒకరి దగ్గర ఆయుధం దొరికితే, ఆపిన తెల్లవాళ్లలో 1.4 మంది దగ్గర దొరికింది. తెల్లవాడిని ఆపాలంటే గట్టి కారణం ఉండాలి కాబట్టి, ఆపినప్పుడు దొరికేది. నల్లవాడికి మొహమే చాలు.

మన దగ్గరైతే ఎరుకలవాళ్ల పెద్దల్ని అడగండి. 1871 నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. పుట్టుకతోనే దొంగ అని రాసుకున్నారు. 1952లో రద్దయింది. అయినా 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో మిగిలిన ఆ రాతల్ని కొట్టేయాల్సి వచ్చింది. డెబ్బై రెండేళ్లు!

గజపతినగరం గణపతి

అమెరికా గొడవ మనకెందుకమ్మా? పాకిస్తానోడు మన శ్రీకాకుళం జాలర్లని పట్టుకుని ఏడాదికి పైగా జైల్లో పెట్టలేదా? అనుమానం అందరికీ ఉంటుంది.

వంశధార

2018 సంగతా? గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన పడవలు సముద్రంలో హద్దు దాటాయని పట్టుకున్నారు, 2020 జనవరిలో వదిలారు. అక్కడ అడిగింది పడవ ఎక్కడుందని, మొహం ఎలా ఉందని కాదు. రెండింటినీ కలపకండి.

ఉద్దానం జీడితోట

గణపతి గారూ, అమెరికా గొడవ మా ఇంట్లోకి వచ్చేసింది. మా అబ్బాయి లాస్ ఏంజిలిస్‌లో ఉంటాడు. ఇమ్మిగ్రేషన్ వాళ్లు రంగు, యాస, కూలి పని మాత్రమే చూసి ఆపకూడదని అక్కడ కింది కోర్టు చెప్పింది. 2025 సెప్టెంబరు 8న అక్కడి సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. అక్కడ విదేశీయులు కాగితం దగ్గర పెట్టుకోవాలన్నది పాత రూలే, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు వాడు పాల ప్యాకెట్టుకి వెళ్లినా జేబులో గ్రీన్ కార్డు. రాత్రి ఫోన్ ఎత్తకపోతే వాళ్లమ్మకి ఒకటే టెన్షన్.

అంత దూరమెందుకు. 2025 జులైలో పక్కనున్న ఒడిశాలో, ఝార్సుగుడాలో, 400 మందికి పైగా బెంగాలీ మాట్లాడే కూలీలను బంగ్లాదేశీయులేమోనని పట్టుకున్నారు. కాగితాలు చూశాక చాలామందిని వదిలేశారు. అన్నాళ్ల కూలి ఎవరిస్తారు?

నేను కుర్రతనంలో వేరే రాష్ట్రంలో బిల్డింగు పనికి వెళ్లాను. సైటులో ఇనుము పోతే ముందు మా శ్రీకాకుళపోళ్ల షెడ్డుకే వచ్చేవారు. ట్రంకు పెట్టెలు తిరగేసేవారు. ఒకసారి మా అమ్మ పంపిన జీడిపప్పు మొత్తం మట్టిలో పోశారు. ఆ ఇనుము అమ్ముకున్నది సూపర్‌వైజరని తర్వాత తేలింది. మా దగ్గరకొచ్చి ఎవరూ ఏమీ అనలేదు.

నాగావళి ఒడ్డు

ఖాకీ గారూ, కోపం తెచ్చుకోకుండా ఒక్కటి చెప్పండి. "ఫలానా బస్సు, నీలం సంచి" అని కబురొస్తే వెతకడం వేరు, దానికి నేనూ ఒప్పుకుంటాను. సరుకు పంపేవాడు కూడా తెలివైనవాడే కదా, పోలీసు ఎవర్ని చూస్తాడో తెలిస్తే ఇస్త్రీ చొక్కావాడి చేతే పంపుతాడు. మీ సర్వీసులో ఏసీ బోగీలో బ్యాగు తెరిపించింది ఎన్నిసార్లు?

పాత ఖాకీ

నిన్నంతా ఆలోచించాను. గుర్తున్నంత వరకు రెండుసార్లు. రెండుసార్లూ ముందే కబురు వచ్చింది. రెండుసార్లూ సరుకు దొరికింది. జనరల్ బోగీలో ఎన్నిసార్లంటే లెక్క లేదు బాబూ.