హైవే మీద టైరు పంచర్ అయితే కారు ఎక్కడ ఆపాలి? చిన్న స్టెప్నీని ముందు చక్రానికి వేయొచ్చా?

ఉప్పల్ అక్క:

మొన్న సాయంత్రం అమ్మనూ పిల్లలనూ తీసుకుని కోదాడ వెళ్తుంటే నార్కట్‌పల్లి దాటాక ముందు ఎడమ టైరు గాలి మొత్తం దిగిపోయింది. స్టీరింగ్ ఒకటే ఎడమకు లాగడం, కింద టపటపా చప్పుడు. వెంటనే రోడ్డు అంచుకు తీసి ఆపాను కానీ పక్క నుంచి లారీ వెళ్ళిన ప్రతిసారీ కారు ఊగిపోతోంది, పిల్లలేమో లోపల ఉన్నారు, టెన్షన్‌తో చేతులు ఆడలేదు. దేవుడిలా ఒక డీసీఎం డ్రైవరన్న ఆగి స్టెప్నీ వేసి పెట్టాడు, డబ్బులిస్తే వద్దన్నాడు. నట్లన్నీ తీసేశాక కూడా చక్రం దాన్ని బిగించే హబ్బుకి పట్టేసి ఎంతకీ రాలేదు, ఆయన ఏదో చేసి లాగాడు, అదేంటో నాకు అర్థం కాలేదు. సూర్యాపేట దాకా నెమ్మదిగా వెళ్ళి పంచర్ వేయించుకున్నాం.

మా వారు దుబాయ్‌లో ఉంటారు, ఇక్కడ కారు నడిపేది నేనే. ఈసారి ఎవరూ ఆగకపోయినా నా అంతట నేను చేసుకోగలగాలి. అసలు అలాంటి చోట ఆపొచ్చా, ఇంకాస్త ముందుకు పోనివ్వాలా? చక్రం పట్టేస్తే ఏం చేయాలి? ఇంకోటి, మా కారు టైర్లు 195/55 ఆర్16, స్టెప్నీ మాత్రం ఇనుప రిమ్‌ది, 185/65 ఆర్15. దాన్ని ముందు చక్రానికి వేయడం మంచిదేనా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి ప్లీజ్.

ట్రాన్స్‌పోర్ట్ బాబాయ్:

అమ్మా, టైరు మార్చడం పది నిమిషాల పని, నేర్చుకుంటే వచ్చేస్తుంది. ప్రాణం మీదికొచ్చేది వెనకనుంచి వచ్చే బండితో. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది, అంటే నీ బండి 50 మీటర్ల దూరంలో కనపడితే వాడికి రెండు సెకన్లు కూడా ఉండవు. అందుకని టైరు పోయిందని తెలియగానే సడన్ బ్రేక్ కొట్టకు, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఎక్సలేటర్ మీద కాలు తీసి, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే పార్కింగ్ లైట్లు వేసి మెల్లగా ఎడమకి రా. మలుపులో గానీ, ఫ్లైఓవర్ మీద గానీ, వంతెన మీద గానీ ఉంటే అక్కడ ఆపొద్దు. సర్వీస్ రోడ్డు, లారీలు ఆపుకునే లేబై, పెట్రోల్ బంకు, ధాబా, ఏదో ఒకటి కనపడేదాకా మనిషి నడిచే వేగంతో పోనివ్వు. టైరు చీలిపోతుంది, రిమ్ కూడా వంగొచ్చు, పోతే పోనీ. టైరు కొనుక్కోవచ్చు.

ఆపాక మొట్టమొదట చేయాల్సిన పని పిల్లల్నీ అమ్మనీ ఎడమ తలుపుల్లోంచి దింపి ఇనుప రెయిలింగ్ అవతల నిలబెట్టడం. ఎండైనా వానైనా సరే, కారులో మాత్రం కూర్చోబెట్టొద్దు. తర్వాత డిక్కీలో ఉండే ఎర్ర త్రిభుజం తీసుకుని వచ్చే బండ్లకు ఎదురుగా, రోడ్డుకు బాగా అంచున నడుచుకుంటూ వెళ్ళి కనీసం 50 మీటర్ల వెనక పెట్టు, హైవే అయితే వంద అంగలు వేసి పెట్టినా తప్పు లేదు. కుడి వైపు చక్రం పోయి, చక్రం మార్చడానికి నువ్వు కూర్చునే చోటు లారీలు వెళ్ళే లైన్‌కి ఆనుకుని ఉంటే జాకీ తీయనే తీయకు. 1033కి ఫోన్ చెయ్, నేషనల్ హైవేల హెల్ప్‌లైన్ అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, పక్కన కనపడే కిలోమీటరు రాయి మీది నంబర్ చెప్తే పెట్రోలింగ్ బండిని పంపిస్తారు. రాష్ట్ర రహదారి మీద ఉంటే 112.

చేతులెత్తి చెప్తున్నా, ఇంకో మాట. బండి చుట్టూ రాళ్ళు, చెట్టు కొమ్మలు అడ్డం పెట్టి, పనయ్యాక అలాగే వదిలేసి పోతారు చాలామంది. రాత్రిపూట బైక్ మీద వచ్చేవాడికి ఆ రాయి కనపడదు. వెళ్ళే ముందు ప్రతి రాయీ తీసి పక్కన పడేయండి.

పంచర్ షాపు వాళ్ళబ్బాయి:

బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇక పని సంగతి నేను చెప్తా అక్కా. నేల గట్టిగా, చదునుగా ఉన్న చోట హ్యాండ్‌బ్రేక్ వేసి ఫస్ట్ గేర్‌లో ఉంచండి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. మారుస్తున్న చక్రానికి ఐమూలగా ఉన్న చక్రం కింద ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. జాకీ ఎక్కించకముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లు ఒక్కోటి అర చుట్టు వదులు చేయాలి, గాల్లోకి లేచాక తిప్పితే చక్రమే తిరుగుతుంది, బండి జాకీ మీంచి జారుతుంది. స్పానర్‌ని ఎడమ పక్కకు అడ్డంగా ఉండేలా పెట్టి మడమతో కిందికి తొక్కితే ఎంత బిగుసుకున్న నట్టయినా వస్తుంది, ఆడవాళ్ళు మగవాళ్ళు అని ఏం లేదు, ఒంటి బరువు చాలు.

జాకీ ఎక్కడంటే అక్కడ పెట్టొద్దు. తలుపుల కింది రేకు అంచుని చేత్తో తడిమితే ముందు చక్రం వెనకా, వెనక చక్రం ముందూ రెండేసి గాట్లు తగులుతాయి, ఆ రెండు గాట్ల మధ్యే జాకీ తల కూర్చోవాలి. మట్టి మెత్తగా ఉంటే జాకీ కింద చెక్క ముక్క వేయండి, డిక్కీలో ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి. బండి లేచాక చెయ్యి గానీ కాలు గానీ కిందికి పోనివ్వకూడదు. ఊడదీసిన చక్రాన్ని జాకీ పక్కన బండి కిందికి పడుకోబెట్టి తోయండి, ఖర్మగాలి జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

చక్రం పట్టేయడం అనేది వానలకీ బురదకీ తుప్పు పట్టి మధ్య కన్నం హబ్బుకి అతుక్కోవడం వల్ల. జాకీ మీద ఉన్నప్పుడు కాలితో తన్నడం, లాగడం ప్రమాదం. నట్లన్నీ మళ్ళీ చేత్తో చివరిదాకా ఎక్కించి ఒక్క అర చుట్టు వదులుగా ఉంచి, జాకీ పూర్తిగా దించేసి, బండిని ఒక అడుగు ముందుకీ వెనక్కీ కదిలించి బ్రేక్ నొక్కండి. టక్కుమని చప్పుడొస్తుంది, వదిలేసినట్టే. మీ డీసీఎం అన్న కూడా బహుశా అదే చేసుంటాడు. తర్వాత ఎప్పుడైనా షాపుకి వెళ్ళినప్పుడు ఆ తుప్పు ఇనుప బ్రష్‌తో గీకించి హబ్బు అంచుకి కొంచెం గ్రీజు రాయించండి. బోల్టులకి మాత్రం గ్రీజు వద్దు.

ఎక్కించేటప్పుడు నట్టు ఏటవాలుగా ఉన్న వైపు రిమ్ లోపలికి ఉండాలి. ముందు అన్నీ చేత్తో, తర్వాత ఒకటి వదిలి ఎదురుది, అలా బిగించుకుంటూ రండి, జాకీ దించాకే ఫైనల్‌గా బిగించాలి. విప్పేటప్పుడు తొక్కొచ్చు గానీ బిగించేటప్పుడు స్పానర్ మీద ఎక్కి తొక్కొద్దు, బోల్టు సాగిపోతుంది. చేతుల బలం చాలు. 50 కిలోమీటర్లు వెళ్ళాక ఆపి ఇంకోసారి చూసుకోండి, ఇది చాలామంది మర్చిపోతారు.

గేర్‌బాక్స్ మాస్టారు:

స్టెప్నీ ప్రశ్నకు జవాబు ఎవరూ ఇవ్వలేదు, నేను చెప్తాను. టైరు సైజులో మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ పక్కది రిమ్ సైజు అంగుళాల్లో. కాబట్టి రిమ్ చిన్నదైనంత మాత్రాన చక్రం చిన్నదని కాదండీ. మీ 195/55 ఆర్16 టైరు నిలువెత్తు లెక్కవేస్తే 62.1 సెంటీమీటర్లు, 185/65 ఆర్15 ఎత్తు 62.2 సెంటీమీటర్లు. రెండూ ఇంచుమించు ఒకటే, కాబట్టి ముందు వేసినా గేర్‌బాక్స్‌కి ఏమీ కాదు. వెడల్పు తక్కువ, తయారీ వేరు, అందువల్ల తడి రోడ్డు మీద బ్రేక్ వేస్తే ఆ చక్రం పట్టు తగ్గుతుంది, అంతే తేడా.

కానీ అన్ని కార్లూ ఇలా ఉండవు. 215/60 ఆర్17 టైర్లకు 205/65 ఆర్16 స్టెప్నీ ఉందనుకోండి, 69 సెంటీమీటర్ల పక్కన 67.3 అవుతుంది. ఎక్కువ కార్లలో ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే. వాటిలో ఒకటి చిన్నదైతే, తిన్నగా వెళ్తున్నా రెండూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి, మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ పళ్ళు లోపల ఆగకుండా పనిచేసి వేడెక్కుతాయి. అలాంటప్పుడు వెనక చక్రం ఒకటి తీసి ముందు వేసి, స్టెప్నీని వెనక వేయడం సరైన పద్ధతి. అయితే ఆ రెండో పని కూడా హైవే అంచున కూర్చుని చేయమని నేను చెప్పను. అక్కడ ఏది పోతే అది మార్చి, 50 వేగంతో దగ్గరలోని బంకు దాకా వెళ్ళి అక్కడ మార్చుకోండి.

స్టెప్నీ రిమ్ మీద స్టిక్కర్ చూడండి, చాలావాటి మీద గంటకు 80 కిలోమీటర్లు అని ఉంటుంది. అది గరిష్ఠం, ఆ వేగంతో పొమ్మని కాదు. సైజు టీ అక్షరంతో మొదలయ్యే బాగా సన్నటి టైరైతే గాలి 60 పీఎస్‌ఐ ఉండాలి, 33 పెడితే వంగిపోతుంది. మీలాంటి మామూలు టైరు స్టెప్నీకి తలుపు దగ్గర రాసినదానికంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువ కొట్టించండి, వాడకుండా ఉన్నా గాలి దిగుతూ ఉంటుంది.

ఉప్పల్ అక్క:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. ఇప్పుడే కిందికి వెళ్ళి స్టెప్నీ చూశాను, గాలి 18 మాత్రమే ఉంది, అంటే మొన్న దానితోనే వచ్చామా అని గుండె ఝల్లుమంది. టైరు మీద చివర్లో 2316 అని ఉంది. అసలు వాడనే లేదు కదా, ఇంకా పనికొస్తుందా? మా తమ్ముడు కొత్త కారు కొంటున్నాడు, దానికి స్టెప్నీయే ఇవ్వరట, అలా ఇవ్వకపోవచ్చా?

గేర్‌బాక్స్ మాస్టారు:

ఇవ్వకపోవచ్చు. 2020లో కేంద్రం నిబంధనలు మార్చింది, ట్యూబ్‌లెస్ టైర్లుండి, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లూ పంచర్ కిట్టూ ఇస్తే 3.5 టన్నులు మించని కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. ఆ కిట్టులోని జిగురు మేకు గుచ్చుకున్న కన్నం మూస్తుంది గానీ టైరు పక్క గోడ చీలితే దేనికీ పనికిరాదు. గుంతల రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్ళయితే డబ్బు పెట్టయినా స్టెప్నీ ఉన్న మోడలే తీసుకోమనండి.

పంచర్ షాపు వాళ్ళబ్బాయి:

2316 అంటే 2016లో 23వ వారంలో తయారైంది అక్కా. నేల మీద తిరగకపోయినా రబ్బరు ముసలిదైపోతుంది, పక్కన వేలితో నొక్కి వంచి చూడండి, సన్న పగుళ్ళు కనపడతాయి. దాన్ని నమ్ముకుని మళ్ళీ కోదాడ బయల్దేరొద్దు, ఆ ఇనుప రిమ్‌కే కొత్త టైరు వేయించేయండి. మొన్న పంచర్ వేయించిన టైరుని కూడా ఓసారి రిమ్ నుంచి విప్పించి లోపల చూపించండి, గాలి లేకుండా కొంచెం దూరం నడిచింది కదా, లోపల పక్కగోడ నలిగి నల్లటి పొడి రాలుతూ ఉంటే పంచర్ ఎంత బాగా వేసినా ఆ టైరు స్పీడులో నిలవదు. అలాగే మీ అలాయ్ చక్రాల నట్లలో ఒకటి దొంగలు తీయకుండా వేరే ఆకారంలో ఉందేమో చూసుకోండి. ఉంటే దాని తాళం చెవిలాంటి ముక్క ఒకటి ఇచ్చుంటారు, అది ఇంట్లో బీరువాలో కాకుండా జాకీ సంచిలోనే ఉండాలి.