రేగు, రేని, పరికి, గొట్టి: ఒకే పేరా, నాలుగు చెట్లా?

(మాట్లాడినవారిని వాళ్ల ఊరి పేరుతో సూచించాం.)

ఆదోని: నిఘంటువు తెరిస్తే రేగు అంటే బదరీవృక్షం అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. మా పక్క మాత్రం గంగరేగు, నేలరేగు, పిచ్చిరేగు అని మూడు మాటలున్నాయి. పరికి కూడా రేగులో రకమే అనేవాళ్లున్నారు. ఇవన్నీ ఒకే చెట్టా, వేరువేరా? వినాయక చవితి పత్రిలో బదరీపత్రం అంటే వీటిలో ఏది? తెలిసినవాళ్లు చెప్పండి.

కదిరి: అన్నా, ముందు గంగరేగు, పిచ్చిరేగు సంగతి. ఈ రెండూ ఒకే జాతి, శాస్త్రీయ నామం జిజిఫస్ మారిషియానా. అంటుకట్టి పెంచిన పెద్దకాయ గంగరేగు, గట్టున తనంతట మొలిచిన పుల్లకాయ పిచ్చిరేగు. గంగరేగు టెంక నాటితే తల్లికాయ రాదు. అంటు మొక్కలో కూడా అంటుకు కింది భాగం పిచ్చిరేగే. అక్కడ లేచిన చిగుళ్లను ఎప్పటికప్పుడు కోసెయ్యకపోతే అవే బలిసి పైభాగాన్ని అణిచేస్తాయి. "గంగరేగు నాటితే పిచ్చిరేగు అయింది" అనడం అందుకే. ఇక్కడ పేరు కాయను బట్టి మారింది, చెట్టు ఒకటే.

నేలరేగు వేరే జాతి. మనిషి ఎత్తు దాటని పొద. ఆకు చిన్నది, ఇంచుమించు గుండ్రం, బూడిదరంగు నూగుతో ఉంటుంది. మేకలకు మంచి మేత. కాయ శనగగింజ కంటే కాస్త పెద్దది, లోపల టెంకే ఎక్కువ.

పరికి (కొన్నిచోట్ల పరిమి) ఇంకో జాతి. ఇది పక్క చెట్ల మీదికి పాకే కంప. ఆకు కొస సూదిగా, మొదలు ఒకవైపు వాలి ఉంటుంది. పండు మాగితే నల్లగా నిగనిగలాడుతుంది. రేగుపండు ఎప్పుడూ నలుపు తిరగదు, పసుపు నుంచి ఎరుపు, గోధుమ రంగుకు వస్తుంది. ముల్లు చూసినా తెలిసిపోతుంది: రేగుకు తరచుగా జంటముళ్లు, ఒకటి నిటారు, ఒకటి వంకర. పరికికి ఎక్కువగా ఒంటిముల్లే, పొట్టిగా వెనక్కి వంగి, గుడ్డ పట్టుకుంటే వదలదు.

నంద్యాల: నల్లమలలో దొరికే గొట్టిని కూడా చేర్చండి సార్. కాయ రేగుకాయలాగే గుండ్రం, కానీ చెక్కలా గట్టిగా ఉంటుంది, తినరు. తోలుకు నలుపు వెయ్యడానికి వాడేవారు. తినే కాయ కాదు కాబట్టే మనవాళ్లు దాన్ని రేగు అనకుండా వేరే పేరు పెట్టారని నా అభిప్రాయం. సంస్కృత నిఘంటువు అమరకోశం మాత్రం కర్కంధు, బదరి, కోలి మొదలుపెట్టి ఘోంట (గొట్టి) దాకా ఒకే వరుసలో చెప్పింది. ఆ వరుసను నమ్ముకుని అన్నిటికీ "రేగు" అని అర్థం రాసేస్తే జనం విడదీసిన చెట్లను నిఘంటువు మళ్లీ కలిపేసినట్టు అవుతుంది.

ఇంకొకటి. రేగడి నేలకు రేగు చెట్టుతో ముడి పెట్టేవాళ్లున్నారు. రేగడి నల్లమట్టి పేరు, రేగు చెట్టు పేరు. దేని దారి దానిది. దుమ్ము రేగడం, జుట్టు రేగడం అనే క్రియ కూడా వేరే మాటే.

ప్రొద్దుటూరు: మాట పుట్టుక గురించి. రేగుకు రేను అనే రూపం కూడా ఉంది. రేనిచెట్టు, రేనిగాయలు అని మనం అనేది దాన్నుంచే. తమిళంలో ఇలందై, ఇరత్తి, కన్నడంలో ఎలచి, గోండిలో రేంగా. తమిళ ఇరండు మన దగ్గర రెండు అయింది, ఇరా రేయి అయింది. మొదటి అచ్చు జారిపోయి రకారం ముందుకొచ్చింది. రేగు, రేను కూడా అదే దారిలో వచ్చినవి. కాబట్టి రేనిగాయ అనేవాళ్లను తప్పు పలికారని దిద్దకండి.

పాత పుస్తకాల్లో మన రేగును జిజిఫస్ జుజుబా అని రాశారు. ఇప్పుడు ఆ పేరు చైనా రేగుది; అది ఆకు రాల్చే చెట్టు, ఆకు అడుగున తెల్లనూగు ఉండదు. పేరు ఒకటే కదా అని దాని గుణాలను మన రేగుకు అంటగట్టే వ్యాసాలు చాలా వస్తున్నాయి. ఇది దిద్దాల్సిన తప్పు.

ఆదోని: మరి పత్రికి?

కదిరి: ఆకు తిప్పి చూడండి. అడుగున తెల్లటి నూగు, మొదలు నుంచి మూడు ఈనెలు ఉంటే రేగే. గంగరేగుదైనా పిచ్చిరేగుదైనా పనికొస్తుంది. కొస సూదిగా ఉంటే పరికి, పక్కన పెట్టండి.

కడప: వడియాలకు మాత్రం పిచ్చిరేగే కావాలమ్మా, గంగరేగు వద్దు. దాంట్లో నీరెక్కువ, పైన ఆరినట్టు కనిపించి లోపల బూజు పడుతుంది. కిలో మాగిన పండ్లకు పావుకిలో బెల్లం, పది ఎండుమిర్చి, రెండు చెంచాల ఉప్పు, చెంచా జీలకర్ర. రోట్లో దంచి, బిళ్లలు తట్టి, మూడు నాలుగు ఎండలు పెట్టాలి. దంచే ముందు ఒక్కో పండూ నొక్కి చూడండి. సన్న రంధ్రం, మెత్తటి మచ్చ ఉంటే లోపల పురుగు ఉన్నట్టే, తీసెయ్యండి.