నెలకు 500 రూపాయలే: ఏ పుస్తకం కొనాల, ఏది తెచ్చుకుని చదవాల?

లెక్కల గుమాస్తా, ప్రొద్దుటూరు:
బట్టల అంగట్లో లెక్కలు రాస్తా. ఇంటి ఖర్చులు పోను పుస్తకాలకని నెలకు 500 మిగులుతాయి. ఇప్పుడొచ్చే నవలలు చానావరకు 200కు తక్కువ లేవు, పోస్టు ఖర్చు వేరే.

మొన్న ఉగాదికి బీరువా సర్దినాను. మూడేండ్లలో కొన్నవి 41 తేలినాయి. అందులో రెండోసారి తెరిచినవి ఆరే. ఎవరో బాగుందన్నారనో, ముఖచిత్రం చూసో కొన్నవే చానా ఉన్నాయి. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు మాత్రం నా దగ్గర లేవు. 1996లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన పుస్తకం, మన జిల్లా మనిషి రాసింది. దాన్ని గ్రంథాలయం నుంచి నాలుగుసార్లు తెచ్చుకున్నా. మా నాయన పోయినాక ఆయన మాట ఎట్లుండేదో మళ్లీ వినాలంటే ఆ కథల్లో మనుషులు మాట్లాడుకునేది చదువుకుంటా. తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతిసారీ మనసు ఒప్పదు.

ఏది కొనాల, ఏది వద్దనుకోవాల అనేది మీరు ఎట్ల తేల్చుకుంటారు?

రిటైర్డ్ తెలుగు పండిట్, కడప:
నాయనా, జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. రెండోసారి తెచ్చుకున్న రోజే ఆ పుస్తకం కొని ఉండాల్సింది. నేను ముప్పై ఏండ్లుగా చేస్తున్నది అదే. మొదటిసారి గ్రంథాలయం, రెండోసారి మనసు లాగితే కొనడం. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం గదా, మొహమాటం ఎందుకు? కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని రాసి ఇవ్వు.

పాతవాటి కోసం మా కడప ఎర్రముక్కపల్లె బ్రౌన్ గ్రంథాలయానికి ఒక రోజు సెలవు పెట్టుకుని రా, కూర్చుని చదువుకుందువు. రచయిత పోయి అరవై ఏండ్లు దాటితే హక్కులు తీరిపోతాయి. అట్లాంటివి చానా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి, డబ్బు పెట్టొద్దు. నిఘంటువు ఒక్కటి మాత్రం సొంతానికి ఉండాల. మాట గుర్తొచ్చినప్పుడు చేతికి అందకపోతే అది ఉండీ లాభం లేదు.

సీమ పాఠకురాలు, అనంతపురం:
సార్, మీ మాట మీద గౌరవంతోనే చెప్తున్నా, మన సీమ రచయితల విషయంలో రెండోసారి దాకా ఆగకూడదు. వీళ్ల పుస్తకాలు చానావరకు ఐదొందలో వెయ్యో ప్రతులు వేస్తారు, సొంత డబ్బుతో వేసుకునేవాళ్లూ ఉన్నారు. అయిపోతే మళ్లీ అచ్చు కావడం అరుదు. ఒక కథల సంపుటిని వచ్చే నెల కొందాంలే అని రెండేండ్లు వాయిదా వేశాను. ఆఖరికి రచయితకే ఫోన్ చేస్తే ఆయన దగ్గరా ఒక్కటే మిగిలింది, జిరాక్స్ తీసి పంపారు. ఆ కాగితాలు చూసినప్పుడల్లా బాధే. పేరున్న నవలలు ఎప్పుడైనా దొరుకుతాయి, అవి అడిగి తెచ్చుకోండి. మన ఊరి మాట రాసిన చిన్న పుస్తకం కనబడితే ఆ రోజే తీసుకోండి, అన్నా.

కొండారెడ్డి బురుజు కాడి అబ్బాయి, కర్నూలు:
పోస్టు ఖర్చు గురించి ఒక మాట. 2025 మే నుంచి తపాలా శాఖలో పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపేదానికి జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100, పన్ను అదనం. ఐదు కిలోలంటే మామూలు నవలలు పదిహేనుకు పైనే. మేము నలుగురం కలిసి మూడు నెలలకు ఒకసారి తెప్పించుకుంటాం. ఒక్కొక్కరు వేరేవి కొంటాం, తర్వాత మార్చుకుంటాం. పంపేవాళ్లను జ్ఞాన్ పోస్ట్‌లోనే వేయమని ముందే అడగండి.

లెక్కల గుమాస్తా, ప్రొద్దుటూరు:
అందరికీ దండాలు. అక్కా, మీ జిరాక్స్ సంగతి చదివినాక ఆగలేదు, కేతు గారి కథలకు ఈ పొద్దే డబ్బు కట్టినా. మళ్లీ తెరవనని తెలిసిన పంతొమ్మిది పుస్తకాలు మా పాప చదివే బడికి ఇస్తున్నా, హెడ్‌మాస్టరు గారు సరేనన్నారు. ప్రొద్దుటూరులో కలిసి తెప్పించుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయండి. ముగ్గురు దొరికినా చాలు.