ఊడ్పుల మడిలో పిల్లల్ని దించడానికి టికెట్టు: ఆ డబ్బు ఎవరికి చెందాలి?

తణుకు అల్లుడు:
మేముండేది హైదరాబాద్‌లో. తణుకు దగ్గర మా అత్తగారి ఊళ్లో ఒకాయన కొబ్బరితోటలో నాలుగు గదులు కట్టి, సార్వా ఊడ్పుల (వానాకాలం వరినాట్ల) రోజుల్లో పట్నం కుటుంబాలను రప్పిస్తున్నారు. మనిషికింత అని టికెట్టు. అరిటాకు భోజనం, ఎడ్లబండి షికారు, ఆపైన ఊడుస్తున్న మడిలోకి దిగి పిల్లలు కూడా కాస్త నాటొచ్చు. ఇది పల్లెను అమ్ముకోవడమేనని మా బావమరిది కోపం. నేను ఒప్పుకోను. మహారాష్ట్రలో బారామతి వైపు రైతులు ఎప్పటినుంచో ఇలా అతిథుల్ని రప్పించుకుంటున్నారు, 2020లో అక్కడి ప్రభుత్వం దీనికో విధానమే తెచ్చింది. మన దగ్గర చూస్తే, 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించారు. వడ్ల మీద మిగలనిది అతిథుల మీద మిగిలితే తప్పేంటి?

కౌలు రైతు కూతురు:
తప్పని నేనూ అనను. కానీ ఎవరికి మిగులుతోందండీ? తోట ఆయనది, సరే. ఆ మడి ఎవరు చేస్తున్నారో అడిగారా? మా డెల్టాలో చాలా పొలాలు కౌలులోనే ఉన్నాయి. సార్వా పండినా మునిగినా కౌలు బస్తాలు కొలిచి ఇవ్వాల్సిందే. దమ్ము చేయించేదీ (నీళ్లు పెట్టి మడి బురదగా దున్నించేదీ), ఎరువు అప్పు మోసేదీ కౌలుదారు. పొలం చూపించినందుకు వచ్చే డబ్బు మాత్రం పొలం సొంతదారు ఆసామికా?

ఇంకోటి. ఊడ్చే ఆడవాళ్ల ముఠా ఎక్కువగా ఎకరానికింత అని గుత్తకి వస్తుంది. ఎడమ చేత్తో ఆకు (వరినారు) కట్ట పట్టుకుని, కుడిచేతి బొటనవేలూ మరో రెండు వేళ్లతో రెండు మూడు మొక్కలు బురదలోకి దించుతూ, నడుం ఎత్తకుండా వెనక్కి నడుస్తారు. మీ పిల్లలు దిగితే వాళ్లు ఆగాలి, పక్కకు తప్పుకోవాలి, ఫొటోకి నవ్వాలి, తర్వాత పిల్లలు నాటింది పీకి మళ్లీ నాటాలి. రోజు కూలి అయితే ఆ అరగంట నష్టం రైతుది. గుత్తలో అది పూర్తిగా ఆ ఆడవాళ్లది. మా అమ్మ ముఠాలో వెళ్లేది. సాయంత్రానికి ఒప్పుకున్న ఎకరాలు తెమలకపోతే మర్నాడు పొద్దున్నే ఆ ముక్క పూర్తిచేసి గానీ ఇంకో పొలానికి వెళ్లడానికి లేదు.

పాలకొల్లు:
ఇన్ని లెక్కలేంటండీ! మా నాన్న పొలం చూడ్డానికి వచ్చినవాళ్లని పైసా అడగలేదు. గట్టు మీద కూర్చోబెట్టి బొండం కొట్టి ఇచ్చేవాడు. డబ్బు మాట వస్తే ఆ మర్యాద పోతుంది. టికెట్టే వద్దు.

కౌలు రైతు కూతురు:
మీ నాన్నగారి దగ్గరికి వచ్చింది చుట్టాలండీ. వాళ్లు మళ్లీ పెళ్లికో పండక్కో మీకు పెడతారు. వారం వారం కార్లలో దిగే కొత్తవాళ్లకి ఎవరు ఊరికే పెట్టగలరు? నేను టికెట్టు వద్దనడం లేదు, పంచమంటున్నాను.

పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. ఆకు తీయడానికి వారం ముందు మొవ్వు పురుగు రాకుండా ఆకుమడిలో సెంటుకి 160 గ్రాములు కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లడం ఇక్కడ మామూలే. అది విషం. ఆ మడిలో పిల్లలు బురద ఒంటికి పూసుకుని ఆడుతున్న వీడియోలు చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఎప్పుడు ఏం చల్లారో చెప్పగలిగేది కౌలుదారు. తోట యజమానిని అడిగితే తెలియకపోవచ్చు.

తణుకు అల్లుడు:
గుళికల సంగతి అందరూ చదవాలి. పంపకం దగ్గర మాత్రం నాకు వేరే భయం ఉంది. ఇన్ని షరతులు పెడితే ఆ యజమాని తోట పక్కన అర సెంటు బురద చేసి, ఆకు పడేసి, ఇదే పొలం అంటాడు. పిల్లలకి అసలు పని కనపడదు, కౌలుదారుకి పైసా రాదు.

కౌలు రైతు కూతురు:
పిల్లలు దిగడానికి ఆ అర సెంటే మంచిది. మందు చల్లని ఆకు వేసి, ముఠాలో ఒకావిడకి ఆ పూట పూర్తి కూలి ఇచ్చి నేర్పించమనండి. పేరు చెప్పి పరిచయం చేయాలి, పిల్లలు ఆవిడని అత్తా అనో పిన్నీ అనో పిలవాలి. అసలు ఊడ్పు గట్టు మీద నిలబడి చూస్తే చాలు. టికెట్టులో కౌలుదారు వాటా ముందే మాట్లాడుకోవాలి. కాగితం లేని కౌలుకి ఆ మాట పెగలదని నాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద కౌలుదారుకిచ్చే సాగుదారు హక్కు కార్డుకి ఆసామి సంతకం కావాలన్నారు, చాలామంది పెట్టలేదు. అలాంటివాళ్లు వాటా అడిగితే వచ్చే ఏడాది కౌలే పోతుంది. అందుకే అడగాల్సింది డబ్బు కట్టే మీరు. ఫోన్‌లో గది మాట్లాడుకునేటప్పుడే "మడి ఎవరు చేస్తున్నారు, వాళ్లకెంత ఇస్తున్నారు" అని అడగండి. మీ మాటకి ఆయన కోప్పడినా మీ పొలం ఏమీ పోదు కదా.

పాలకొల్లు:
వాటా సంగతి ఒప్పుకుంటాను. బొండానికి డబ్బు తీసుకోవడం మాత్రం నా వల్ల కాదు.