భీమిలికి ఒక రోజు: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ఏవేం చూడొచ్చు?

ప్రశ్న (ఖమ్మం నుంచి):
వచ్చే శనివారం వైజాగ్ వస్తున్నాం. ఆర్కే బీచ్, కైలాసగిరి ఇదివరకే చూశాం. ఈసారి రోజంతా భీమిలిలోనే గడపాలని ఉంది. అమ్మ ఎక్కువ మెట్లు ఎక్కలేదు, బాబుకి ఏడేళ్లు, కారు లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

భీమిలివాసి:
రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సు ఎక్కండి, బీచ్ రోడ్డు మీదుగా వస్తుంది. కుడివైపు కిటికీ పట్టుకోండి, సముద్రం అటే. దారిలో కొండమీది పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండ ఊరిస్తుంది గానీ రోడ్డు మీద దిగితే పైకి చాలా నడవాలి. అమ్మగారితో ఆటో లేకుండా వద్దు. నేరుగా ఊళ్లోకి వచ్చేయండి.

గంటస్తంభం, లైట్‌హౌస్ చూసుకుని డచ్చివాళ్ల సమాధుల దగ్గర కాసేపు ఆగండి. 17వ శతాబ్దంలో వాళ్లు వర్తకానికి దిగిన రేవు ఇది. కొన్ని సమాధులు మనిషికన్నా ఎత్తుగా, పైకి పోనుపోను సన్నబడుతూ ఉంటాయి. పలకల మీది అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయాయి. పొద్దున్నే ఎండ పక్కనుంచి పడేటప్పుడు కాస్త చదవొచ్చు, మిట్టమధ్యాహ్నం ఏమీ కనబడదు. మాది 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరండీ. జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) కలిపేశారన్న కోపం మా పెద్దాళ్లకి ఇంకా పోలేదు, ఆ మాట ఎత్తకండి!

గోస్తని నది సముద్రంలో కలిసే చోట బాబుని ఒడ్డునే ఆడనివ్వండి. మొగ దగ్గర లాగుడెక్కువ, మోకాలి లోతు కూడా వద్దు.

మధురవాడ కుర్రాడు:
ఎర్రమట్టి దిబ్బలు చెప్పకుండా భీమిలి ఏంటన్నా?

భీమిలివాసి:
చెప్తున్నా తమ్ముడూ, అవి సాయంత్రానికి. తిరుగు దారిలోనే కదా. వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుకని వానలు కోసి గుల్లచేసిన లోయలు అవి. జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలాల్లో చేర్చారు. ఎండ వాలాక ఎరుపు బాగా తేలుతుంది. అంచుల మీద మాత్రం బాబుని ఎక్కనివ్వకండి. గట్టిగా కనిపిస్తుందే గానీ కాలు పెడితే జారిపోతుంది. ఫొటోల కోసం ఎక్కి ఎక్కి జనం సగం అంచులు కూల్చేశారు, చూస్తే ఒళ్లు మండుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అమ్మ అక్కడ నడవగలదా అండీ?

భీమిలివాసి:
లోపలికి వద్దు, ఇసుకలో కాళ్లు దిగబడతాయి. రోడ్డు వైపు నుంచే కొంత కనిపిస్తుంది, అక్కడ కూర్చోబెట్టండి. మంచినీళ్లు మాత్రం భీమిలిలోనే కొనుక్కోండి.