తొమ్మిది మందిమి కలిసి గ్యాలరీ పెడుతున్నాం. ధర తగ్గిస్తే బొమ్మకి చులకనా?

రంగులపెట్టె:
అందరికీ నమస్కారం. మేం తొమ్మిది మందిమి, అందరం బొమ్మలేసేవాళ్లమే. కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం, గోడలకి వేసిన రంగు వాసన ఇంకా పోలేదు. మా బొమ్మలు మేమే పెట్టుకుంటాం, మేమే అమ్ముకుంటాం. అక్కడిదాకా గొడవ లేదు. ధర దగ్గర మాత్రం రెండుగా చీలిపోయాం. నెలజీతం మీద బతికే మనిషి కూడా ఒక బొమ్మ కొని ఇంటికి పట్టుకెళ్లగలగాలని కొందరం అంటున్నాం. చవగ్గా పెడితే చవకబారనుకుంటారని మిగతావాళ్లు.

పోయిన నెల వేరే చోట నా బొమ్మ ఒకటి ప్రదర్శనలో ఉంది. ఒకావిడ దాని ముందు చాలాసేపు నిలబడి, చివరికి గొంతు తగ్గించి ధర అడిగారు. చెప్పాను. "చాలా బావుందండీ" అని వెళ్లిపోయారు. ఆవిడ వెళ్లిన తీరు ఇంకా మనసులోంచి పోవడం లేదు. అలాంటివాళ్లకి అందేలా ధర పెడుతూ మా పనిని మేం తక్కువ చేసుకోకుండా ఉండాలంటే ఎలా? ఇంకోటి, రోజూ గ్యాలరీలో ఎవరు కూర్చోవాలి?

నల్లసిరా:
రంగు వాసన అనగానే మా మొదటి వారం గుర్తొచ్చిందండీ. పదకొండేళ్లుగా ఇలాంటి గ్యాలరీలోనే ఉన్నాను, ప్రింట్లు వేస్తాను. కాబట్టి నా జవాబు ప్రింట్ల వైపే మొగ్గుతుంది.

పెద్ద కాన్వాసు ధర తగ్గించొద్దు. రెండు నెలలు కూర్చుని వేసినదాన్ని సగానికి ఇచ్చేస్తే మీకూ కడుపు మండుతుంది, అంతకుముందు పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లకీ మండుతుంది. తక్కువకి ఇవ్వగలిగిన పని వేరే చేయండి. లినోకట్ సంగతే చూడండి, అంటే లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, సిరా పూసి కాగితం మీద ఒత్తడం. ఒక పలక చెక్కడానికి నాకు పది రోజులు పడుతుంది. దాని మీంచి ముప్ఫై ప్రింట్లు తీస్తే ఆ పది రోజుల కష్టాన్ని ముప్ఫై మంది పంచుకుంటారు, నా కూలి తగ్గదు. ప్రతి కాగితానికీ సిరా పూసిందీ ఒత్తిందీ నేనే. కింద ఎడమవైపు పెన్సిల్‌తో 7/30 అని రాస్తాను, అంటే ముప్ఫైలో ఏడోది. కుడివైపు సంతకం. ముప్ఫై అయ్యాక పలక మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత చెక్కేస్తాను, ఇక దాంతో బొమ్మ తీయడం కుదరదు. అలా గీత చెక్కేసిన పలకని ప్రింట్ల పక్కనే పెట్టండి. అది చేతిలోకి తీసుకుని చూసినవాళ్లెవరూ చవకబారు అన్న మాట నా దగ్గర అనలేదు.

ఆ మాటన్న మీ స్నేహితులకి మెక్సికోలో 1937లో మొదలైన తాయెర్ దె గ్రాఫికా పోపులార్ వాళ్ల ప్రింట్లు చూపించండి. లెయొపోల్దో మెండెస్, పాబ్లో ఓహిగ్గిన్స్, లూయిస్ అరేనల్ పెట్టిన వర్క్‌షాప్ అది. జనానికి అందాలనే లినోలియం చెక్కి, చవక కాగితం మీద వేశారు. ఆ కాగితాలు ఇవాళ పెద్దపెద్ద మ్యూజియంల్లో భద్రంగా ఉన్నాయి.

ఇక కూర్చునే సంగతి. చివర్లో అడిగారు గానీ, గ్యాలరీ నిలబడేదీ పడిపోయేదీ దాని మీదే. వంతులేసుకోండి, జీతానికి మనిషిని పెట్టొద్దు. నా వంతు రోజున ఒకసారి స్కూలు కుర్రాడొకడు వానకి లోపలికొచ్చాడు. తలుపు దగ్గరే ఆగి "టికెట్టుందా?" అన్నాడు. లేదు, రమ్మన్నాను. అప్పుడు నేను పలక చెక్కుతున్నాను. వాడికి ఒక చిన్న ముక్కిచ్చి, రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలని చూపించాను. లినో గట్టిగా ఉంటే కాస్త వెచ్చబెడితే మెత్తబడుతుందని కూడా చెప్పాను. మర్నాడు వాళ్లమ్మని తీసుకొచ్చాడు. ఇప్పుడు ప్రతి ప్రదర్శన అయ్యాక గోడల మీద మేకుల కంతలు పూడ్చేది వాడే. మేం అడగలేదు, వాడే మొదలుపెట్టాడు.

సాయంత్రాలు తప్పకుండా తెరవండి. 1874లో మోనె, డెగా, పిస్సారో, రెన్వార్ లాంటి చిత్రకారులు సంఘం కట్టి, పారిస్‌లో నాదార్ అనే ఫొటోగ్రాఫర్ పాత స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టినప్పుడు రాత్రి ఎనిమిది నుంచి పది దాకా కూడా తెరిచారు. అయితే లెక్కలు మాత్రం మొదట్లోనే రాసుకోండి. ఆ ఏడాది చివర చూసుకుంటే ఒక్కొక్కరి నెత్తిన 184.50 ఫ్రాంకుల బాకీ తేలి సంఘమే మూతపడింది. ప్రదర్శనలు మాత్రం 1886 దాకా మొత్తం ఎనిమిది జరిగాయి.

గోడకిమేకు:
నేను బొమ్మలు వేయను. జీవితంలో ఒక్కటి కొన్నాను, అరచేతికంటే కాస్త పెద్ద ఎచింగ్, అంటే లోహపు రేకు మీద గీతల్ని ఆమ్లంతో కొరికించి తీసే ప్రింటు. తీగ మీద ఒక్క చొక్కా ఆరేసి ఉంటుంది, అంతే. ధర చీటీ దాని పక్కనే అంటించి ఉంది కాబట్టి కొన్నాను. నోరు తెరిచి అడగాల్సి వస్తే అడిగేవాణ్ణి కాదు. మీరు చెప్పిన ఆవిడ బాధ నాకు బాగా తెలుసు. మూడు వాయిదాల్లో కట్టాను, మొదటి వాయిదాకే బొమ్మ చేతికిచ్చేశారు. నోటు పుస్తకంలో పేరు రాసుకున్నారు, అంతే. గీసినావిడే పొట్లం కట్టిస్తూ, ఎండ పడని గోడకి పెట్టండి అని రెండుసార్లు చెప్పింది. ఆ గోడ కోసం ఇంట్లో బీరువా జరిపాం.

చిత్తుపుస్తకం:
ఒక్క జాగ్రత్త చెప్తాను. చిన్న పనులు అమ్ముడుపోవడం మొదలయ్యాక పెద్ద పనికి టైమ్ మిగలదు. నాకు రెండేళ్లు అలా పోయాయి, తలుచుకుంటే ఇప్పటికీ బాధే. మద్రాసు దగ్గర 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్, ఆయన శిష్యులూ చోళమండలం కళాకారుల గ్రామం మొదలుపెట్టినప్పుడు బాతిక్ (మైనం అద్ది బట్టకి రంగులేయడం) లాంటి చేతిపనులు అమ్ముకుని, ఆ డబ్బుతో బొమ్మలు వేసుకోగలిగారు. చేతిపని బొమ్మని నిలబెట్టాలి, మింగెయ్యకూడదు. వారంలో చిన్న పనికి ఎన్ని రోజులో ఇప్పుడే తేల్చుకోండి.

రంగులపెట్టె:
రాత్రి అందరం కూర్చుని ఇవన్నీ పైకి చదువుకున్నాం. ధర చీటీ బొమ్మ పక్కనే ఉండాలి, వాయిదాలుండాలి. ఈ రెంటికీ తొమ్మిది మందీ సరే అన్నారు. వారానికి రెండు రోజులు చిన్న పని. మూడు సాయంత్రాలు తెరుస్తాం. తీరా లేచే ముందు, గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ ఎవరిదని మళ్లీ మొదలైంది. నల్లసిరా గారూ, మీరు గోడలు ఎలా పంచుకుంటారండీ?

నల్లసిరా:
ప్రతి ప్రదర్శనకీ చీటీలు వేస్తామండీ. గుమ్మానికి ఎదురు గోడ మాత్రం చీటీల్లో వేయం. అది ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్లది.