మద్రాస్ ఐకి స్టెరాయిడ్ చుక్కలు వెంటనే రాయవచ్చా?

విల్లివాక్కం నుండి ఒక తండ్రి:
వానలు మొదలైన వారానికే మా తొమ్మిదేళ్ల పాపకు కండ్లకలక వచ్చింది. ఇక్కడ చెన్నైలో దీనినే మద్రాస్ ఐ అంటారు. దగ్గరలోని క్లినిక్‌లో టార్చి వేసి చూసి, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కల మందు రాశారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. అయితే కంటిని సరిగా పరీక్షించకుండా స్టెరాయిడ్ వేయడం తప్పని మా తోడల్లుడు గట్టిగా అంటున్నాడు. ఏది సరైనదో వైద్యులు చెప్పగలరా?

పెరంబూరు సాధారణ వైద్యుడు:
వైరస్ వల్ల వచ్చిన కండ్లకలకను, బాక్టీరియా వల్ల వచ్చినదాన్ని చూడగానే వేరు చేయడం నిపుణులకే కష్టం. పిల్లల్లో బాక్టీరియా వల్ల వచ్చేది తక్కువేమీ కాదు. చిక్కని పుసితో రెప్పలు అంటుకుపోయిన పిల్లవాడిని మందు లేకుండా పంపడానికి నా మనసు ఒప్పదు. కంటిని పెద్దదిగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ యంత్రం నా దగ్గర లేదు. పెద్దాసుపత్రికి వెళ్లమంటే తల్లిదండ్రులకు ఆ రోజు కూలి పోతుంది. అందుకే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు రాస్తాను, అదీ నాలుగైదు రోజులకు మించకుండా.

టి. నగర్ కంటి వైద్యురాలు:
డాక్టరు గారూ, మీరు చెప్పిన కష్టం నిజమైనదే. యాంటీబయాటిక్ విషయంలో మీతో నాకు పేచీ లేదు. మద్రాస్ ఐ ఎక్కువగా అడినోవైరస్ వల్ల వచ్చేదే కనుక ఆ చుక్కలు దానిపై పనిచేయవు, కానీ చిక్కని పుసి ఉన్న పిల్లలకు రాస్తే ఆక్షేపించను. నా అభ్యంతరమంతా స్టెరాయిడ్ మీదనే.

స్టెరాయిడ్ వాపును అణుస్తుంది గాని వైరస్‌ను చంపదు. పైగా వైరస్ కంటిలో మరికొన్నాళ్లు నిలిచేలా చేయగలదు. కన్ను తెల్లబడిందని బడికి పంపిన పాప పక్కవారికి ఇంకా అంటించగలదు. ఇంతకన్నా పెద్ద ప్రమాదం హెర్పిస్ అనే మరో వైరస్. తొలి రోజుల్లో అది కూడా కండ్లకలకలాగే ఎరుపుతో, నీరు కారడంతో మొదలవుతుంది, సాధారణంగా ఒక్క కంటికే. ఫ్లోరెసిన్ రంగు అద్ది నీలి కాంతిలో చూస్తే నల్లగుడ్డు మీద చెట్టుకొమ్మలా చీలిన పుండు ఆకుపచ్చ గీతగా కనిపిస్తుంది; మామూలు టార్చి వెలుగులో దాన్ని పోల్చుకోవడం కష్టం. ఆ కంటిలో స్టెరాయిడ్ పడితే ఆ పుండు విస్తరిస్తుంది. సౌకార్‌పేట నుండి వచ్చిన ఒక యువకుడు పది రోజులు అటువంటి చుక్కలు వాడాకే నా దగ్గరకు చేరాడు. ఎసైక్లోవిర్ లేపనంతో పుండు మానింది గాని, కంటిపాపకు ఎదురుగా మచ్చ మిగిలిపోయింది. ఆ కంటితో అతను బస్సు నంబరు చదవలేడు. ఇరవై రెండేళ్లవాడు.

నేనూ స్టెరాయిడ్ రాస్తాను. రెప్ప లోపల పొర కట్టినప్పుడు, లేదా రెండో వారం తర్వాత నల్లగుడ్డులో తెల్లని మచ్చలు ఏర్పడి చూపు మసకబారినప్పుడు, కంటి ఒత్తిడి కొలుస్తూ, మోతాదు మెల్లగా తగ్గిస్తూ వాడతాను. ఒక్కసారిగా ఆపితే ఆ మచ్చలు తిరిగి వస్తాయి.

స్లిట్ ల్యాంప్ లేకపోయినా ఫ్లోరెసిన్ కాగితపు పట్టీ, నీలి ఫిల్టరున్న టార్చి, గోడకు అక్షరాల పట్టిక ఉంచుకోవచ్చు. ఒక్కొక్క కన్నూ మూసి చదివించండి. చూపు తగ్గినా, వెలుగు చూడలేకపోయినా, నొప్పి ఎక్కువున్నా, కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నా, 1819 నుండి ఉన్న ఎగ్మోరు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి ఆ రోజే పంపండి.

పెరంబూరు సాధారణ వైద్యుడు:
పట్టీలు తెప్పిస్తాను. అయితే మూడేళ్ల పిల్లవాడు కన్ను తెరవనివ్వడు, అక్షరాలు చదవడు. వాడి విషయంలో ఏం చేయాలి?

టి. నగర్ కంటి వైద్యురాలు:
పరీక్షించలేని కంటికి స్టెరాయిడ్ వద్దు. చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ, కృత్రిమ కన్నీటి చుక్కలు, అవసరమైతే మీ యాంటీబయాటిక్ ఇచ్చి, రెండు రోజుల తర్వాత మళ్లీ చూడండి.

విల్లివాక్కం నుండి ఒక తండ్రి:
సీసాలో సగం మందు మిగిలింది. ఈ రోజు మా అమ్మగారి కుడి కన్ను కూడా ఎర్రబడింది, తల నొప్పిగా ఉందంటున్నారు. ఆవిడకు అవే వేద్దామనుకున్నాము.

టి. నగర్ కంటి వైద్యురాలు:
దయచేసి వేయకండి. ఆ వయసులో ఒక కంటి ఎరుపుతో తలనొప్పి కలిస్తే, కంటి ఒత్తిడి హఠాత్తుగా పెరిగే గ్లకోమా కావచ్చు. అది కొద్ది గంటల్లోనే చూపును దెబ్బతీయగలదు. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయా, వాంతి వచ్చిందా అని అడగండి. కాదన్నా సరే, ఇప్పుడే బయలుదేరండి.